పుంజుకి పట్టిన నిద్ర

"వదినా! నా పుంజుని ఏం చేశారో చెప్తారా, చెప్పరా?"

పక్కింటి గోబ్యా వాకిట్లోంచే కేకలేస్తూ వచ్చాడు. చంకలో డేగ పుంజు. మెడ వాల్చేసి, కళ్ళు మూసుకుని, చంటిపిల్లలా వేలాడుతోంది.

మొగుడి బట్టలు సంచిలో సర్దుతున్న సెకర్ ఉలిక్కిపడింది. "అయ్యో! చచ్చిపోయిందా?"

"చస్తే పరువైనా దక్కేది. నిద్రపోతోంది!"

"నిద్రేంటయ్యా, పట్టపగలు?"

"అదే నేనూ అడుగుతున్నా! రాత్రంతా మన రెండిళ్ళ ఉమ్మడి గుమ్మం దగ్గరేగా ఉండేది! గుడి పండగ కదా, కాలికి కత్తి కట్టి బరిలో దింపాను. అవతలి పుంజు మెడ ఈకలు రిక్కించి మీదికి దూకింది. మనవాడేం చేశాడు? తల రెక్కలో దూర్చుకుని అక్కడే కూలబడ్డాడు. అవతలిది వీడి చుట్టూ ఓ చుట్టు తిరిగి, ఏమనుకుందో ఏమో, పక్కన గింజలు ఏరుకోవడం మొదలెట్టింది. ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వారు. పూజారిగారైతే చేతిలో గంట పక్కన పెట్టి మరీ నవ్వారు!"

సెకర్‌కీ నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

"కోళ్ళకి కూడా నిద్రపడుతోంది గోబ్యా. మీ అన్నగారికి తప్ప."

అరుగు మీద కూర్చున్న సుక్ర ఆ మాట విన్నట్టు లేడు. ముసలాయనకి మతిమరుపు ముదిరింది. కట్టుకున్న పెళ్ళాన్ని ఒక పూట గుర్తుపడతాడు, ఒక పూట "ఎవరమ్మా నువ్వు?" అంటాడు. రాత్రంతా ఇల్లంతా తిరుగుతాడు, వీధి తలుపు తీసేస్తాడు. డాక్టరమ్మ నిద్రమాత్ర ఇచ్చింది. మాత్ర చూపిస్తే ఉమ్మేస్తాడని, సెకర్ దాన్ని బియ్యప్పిండితో చేసే క్లెపొన్ ఉండలో తాటిబెల్లంతో పాటు పెట్టి, కొబ్బరి తురుములో దొర్లించి, సాయంత్రం బువ్వయ్యాక చేతికిస్తోంది. ఉండ మాయమవుతోంది గాని నిద్ర రావడం లేదు. ఈ మాత్రకీ లొంగకపోతే పట్నం తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చేర్చాల్సిందేనంది డాక్టరమ్మ. తెల్లారితే ప్రయాణం. ఆ సంచి అందుకే.

"నన్ను వదిలి ఒక్క రోజు ఉండలేడయ్యా. నేనెవరో తెలియకపోయినా నా వెనకాలే తిరుగుతాడు. అక్కడ ఎవరి వెనకాల తిరుగుతాడు?" అంది సెకర్.

గోబ్యా కోపం దిగిపోయింది. పుంజుని అరుగు మీద పడుకోబెట్టాడు. సుక్ర వంగి దాన్ని చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"పడుకుందా? బాగా పడుకుందా?" అని అడిగాడు.

"పడుకుంది అన్నా, నా కొంప ముంచి మరీ పడుకుంది."

సెకర్ చూపు పుంజు ముక్కు మీద ఆగింది. ముక్కుకి అంటుకుని తెల్లగా కొబ్బరి తురుము. పక్కనే చిన్న బెల్లం మరక.

"గోబ్యా," అంది, "నీ పుంజుకి కొబ్బరి పెడతావా?"

"నా పిల్లలకే పెట్టను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ సాయంత్రం పుంజు కాస్త తేరుకోగానే, రోజూలాగే దాన్ని వీధి గుమ్మం పక్కన వెదురు గంప కింద పెట్టారు. సెకర్ ఉండ చేసి సుక్ర చేతికిచ్చి, గిన్నెలు తోముతున్నట్టు చప్పుడు చేసి, గోబ్యాతో కలిసి ధాన్యపు కొట్టు చాటున నక్కింది.

సుక్ర అటూ ఇటూ చూశాడు. అరటాకు ముక్క ఒకటి తుంపాడు. మెల్లగా గుమ్మం దాకా నడిచి, గంప ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆకు మీద ఉండ పెట్టాడు. చేతులు జోడించి ఏదో గొణుక్కున్నాడు.

"చూశావా! గుమ్మం దేవతకి నైవేద్యం పెడుతున్నాడు!" అని గుసగుసలాడింది సెకర్. "దేవుడికి పెట్టకుండా మెతుకు ముట్టని మనిషి. అన్నీ మరిచిపోయాడు గాని ఆ అలవాటు మరిచిపోలేదు. మధ్యలో నీ పుంజు కాజేస్తోంది!"

"ఓరి నా తండ్రీ! అయితే మందు పనిచెయ్యక కాదన్నమాట!"

"మింగితే గదా పనిచెయ్యడానికి!"

ఆ మాటతో సెకర్ గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆసుపత్రీ లేదు, ప్రయాణమూ లేదు! గోబ్యా వీపు మీద ఒక్కటి చరిచి, పడుచుపిల్లలా పరిగెత్తింది. గంపలోంచి మెడ చాపుతున్న పుంజు ముక్కు ముందునుంచి ఉండ లాగేసుకుంది.

"దేవుడు ఆరగించాడండీ! మిగిలింది మీరు తినాలి. ఊ, నోరు తెరవండి!"

సుక్ర ఆమె వంక వింతగా చూశాడు. ఆ పూట గుర్తుపట్టే పూట కాదు.

"దేవుడికేంటమ్మా? దేవుడికి ఎవరైనా ఉండలో దాచిన నిద్రమాత్ర పెడతారా? అది కోడికి. తినవే తల్లీ అని దణ్ణం పెట్టి బతిమాలుకుంటున్నాను."

సెకర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "కోడికెందుకు?"

"మెల్లగా మాట్లాడు, లోపల మా సెకర్ వింటుంది. పాపం, దానికి రాత్రంతా నిద్దర్లేదు. తెల్లారగట్ల ఓ కునుకు పట్టేసరికి ఈ దిక్కుమాలిన కోడి కూస్తుంది." ముసలాయన గంప వైపు ఓసారి చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు. "మా సెకర్‌కి మాత్రం చెప్పకమ్మా, నీకు పుణ్యముంటుంది. తెలిసిందంటే ఆ మాత్ర నా చేతే మింగిస్తుంది."