మూడో కప్పు తర్వాత అడిగే ప్రశ్న

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు, లాస్ వేగాస్ తూర్పు పేటలోని సంఘ భవనం వంటగదిలో, కవేహి ఇరవై మూడు ఫారాల మీద 'అవును' దగ్గరున్న పెన్సిల్ గుర్తు చెరిపి 'లేదు' దగ్గర పెట్టింది.

అన్నిట్లోనూ ప్రశ్న ఒకటే: 'గత నెలలో తిండి చాలక మీ ఇంట్లో ఎవరైనా పూట మానారా?' ఇరవై మూడో ఫారం ఆమెదే.

ఆరు వారాల కిందట ఊరి కార్యాలయం నుంచి డెనీస్ అనే ఆవిడ వచ్చింది. హవాయి దీవుల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళవి నలభై ఇళ్ళు, ఇథియోపియా నుంచి వచ్చినవాళ్ళవి నలభై ఇళ్ళు తిరగాలంది. చదువు, పని, సొంతిల్లు, తిండి అడిగి రాయాలి. హవాయి ఇళ్ళు కవేహికి అప్పగించారు. ఇథియోపియా ఇళ్ళు టాక్సీ నడిపే అస్ఫావ్‌కి.

"శనివారం ఇక్కడికొచ్చే ఉచిత తిండి బండి ఉండాలా వద్దా అన్నది దీన్ని బట్టే తేలుతుంది," అంది డెనీస్. "రెండు సంఘాల లెక్కలూ గోడ మీద పక్కపక్కనే రాసి, అందరి ముందూ చదువుతాం."

కవేహి హోటల్లో దుప్పట్లు మడత పెట్టే పని చేస్తుంది. మూడు గదుల ఇంట్లో తొమ్మిది మంది. దీవుల నుంచి దిగిన చెల్లెలి కుటుంబాన్ని వేరే చూసుకోమని ఆమె అనలేదు. శనివారం బండి ఇచ్చే పెట్టె మంగళవారం దాకా వస్తుంది. ఆ బండి దగ్గర ఇథియోపియా వాళ్ళు ఒక్కరూ కనబడరు.

ప్రతి మంగళవారం ఇద్దరూ వంటగదిలో ఫారాలు సరిచూసుకునేవారు. మొదటి వారం కవేహి కోడికూర, అన్నం తెచ్చింది.

"తిను, అస్ఫావ్."

"ఉపవాసం, ఆంటీ."

"మంగళవారమా? మీకు బుధ, శుక్రవారాలు కదా?"

"ఇది మొక్కు."

వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం కవేహి ఇంటావంటా లేదు. డబ్బాలో సర్ది, "పిల్లలకివ్వు," అంది. తర్వాతి వారం అతను డబ్బా కడిగి తెచ్చాడు. మొక్కు ఇంకా తీరలేదన్నాడు. డబ్బా మళ్ళీ నిండి వెళ్ళింది. ఆరు వారాలూ అంతే.

ఆరో మంగళవారం అతని ఫారాల కట్ట పూర్తయింది.

"తిండి చాలనివాళ్ళు ఎంతమంది తేలారు?" అని అడిగింది కవేహి.

"ఒక్కరూ లేరు."

"నలభై ఇళ్ళల్లో?"

"మా ఇంటితో కలిపి నలభై."

"అసలు ఎలా అడుగుతున్నావ్ నువ్వు?"

"ముందు కాఫీ, ఆంటీ. గింజలు వేయించి, దంచి, మూడు సార్లు పోస్తారు. ఇరుగుపొరుగు వచ్చి కూర్చుంటారు. మూడో కప్పు తాగాక ఫారం తీస్తాను. అంతసేపు కూర్చున్నవాడికి అబద్ధం చెప్పరు."

"మావాళ్ళు గుమ్మంలోనే చెప్పేస్తారు. నేను చెప్పులు విప్పే లోపే 'అవును, ఆంటీ, రాసెయ్' అంటారు."

అస్ఫావ్ నవ్వాడు. "మీకేంటి ఆంటీ, ఈ దేశం పాస్‌పోర్టుతోనే పుట్టారు. మేం ఒక్క సంచీతో దిగాం. చివరికి మేమే ముందుంటే జనం ఏమనుకుంటారో!"

"మా దీవుల్లో మేమే అద్దె కట్టలేక ఇక్కడికొచ్చాం. అది రాయడానికి నీ ఫారంలో గడి ఉందా?"

"లేదు."

"నా దాంట్లోనూ లేదు."

కారు నీడలోకి మార్చి వస్తానని అతను బయటికి వెళ్ళాడు. అతని కట్ట బల్ల మీదే ఉంది. కవేహి తిరగేసింది. నలభై ఫారాలు, నలభై 'లేదు'లు. తన కట్ట దగ్గరికి లాక్కుని, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు తీసింది. అతను తిరిగి వచ్చేసరికి బల్ల మీది రబ్బరు పొట్టు ఊదేసింది.

గురువారం సాయంత్రం ఆరింటికి సభ. రెండు వందల మందికి పైగా వచ్చారు. డెనీస్ గోడ మీది లెక్కలు చదివింది. సొంతిళ్ళు: హవాయి నాలుగు, ఇథియోపియా పద్నాలుగు. పూట మానిన ఇళ్ళు: హవాయి సున్నా, ఇథియోపియా సున్నా. జనం చప్పట్లు కొట్టారు.

పక్క కుర్చీలోని నోహెయా, ముగ్గురు పిల్లల తల్లి, కవేహి మోచెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, నేను అవునన్నాను కదా?"

"చప్పట్లు కొట్టవే. అందరూ చూస్తున్నారు."

"పిల్లాడు బడి నుంచి రొట్టె జేబులో పెట్టుకొస్తున్నాడని కూడా చెప్పాను."

కవేహి తన కాళ్ళకేసి చూసుకుంది. తల ఎత్తేసరికి అవతలి వరసలోంచి అస్ఫావ్ ఆమెనే చూస్తున్నాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు. మంగళవారం ఫారాలు సరిచూసినప్పుడే చెరిపిన గుర్తులు అతని కంటబడ్డాయని ఆమెకు అర్థమైంది.

ఆ శనివారం బండి రాలేదు. నోహెయా పిల్లలతో వచ్చి, బండి ఆగే సంఘ భవనం పక్క ఖాళీ స్థలంలో గంటసేపు నిలబడింది. కవేహి ఎదురుగా ఉన్న తన ఇంటి కిటికీలోంచి చూసింది. బయటికి రాలేదు.

తర్వాతి శనివారం ఉదయం ఆమె రెండు బస్సులు మారి ఊరికి ఉత్తరాన చివరన ఉన్న ఒక చర్చికి వెళ్ళింది. అక్కడా తిండి పెట్టెలు ఇస్తారు. అక్కడ ఆమెను ఎరిగినవాళ్ళు లేరు. టోపీ కళ్ళ మీదికి లాక్కుంది. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు గేటు దగ్గర వాలంటీరు పద్దెనిమిదో నెంబరు చీటీ ఇచ్చింది.

"మొదటిసారి వచ్చాను," అంది కవేహి. "ఏం చెయ్యాలో తెలీదు."

"సిగ్గుపడకండి, అమ్మా. పదిహేడో నెంబరాయన వెనకాలే వెళ్ళండి. ఏడాదిన్నర నుంచి ప్రతి శనివారం వస్తున్నాడు, ఆయనకన్నీ తెలుసు."

పదిహేడో నెంబరు చీటీ అస్ఫావ్ చేతిలో ఉంది.