రెండో కీబోర్డు

సున్నాలు వాటంతటవే పడుతున్నాయి.

స్క్రూడ్రైవర్ బాబాయ్ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని మరీ చూశాడు. కీబోర్డు మీద ఈగ కూడా లేదు. తెర మీద మాత్రం ఒక సున్నా. కాస్త ఆగి, ఇంకో సున్నా.

ముప్పై ఏళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. చదివింది ఏడో క్లాసే అయినా, అతని చెయ్యి పడితే చచ్చిన డబ్బా కూడా లేచి కూర్చుంటుందని పేరు. ఎదుటి మనిషిని ఏడిపించకుండా ఒక్క స్క్రూ విప్పడు. ఈ ఇంట్లో మాత్రం జోకు గొంతు దాటి రావడం లేదు.

ఆ కంప్యూటర్ కొన్నది కాదు. ఆ ఇంటాయన ఒక్కో ముక్కా ఏరి తెచ్చి, తన చేత్తో బిగించి, విండోస్ బదులు లినక్స్ ఎక్కించుకున్నది. నాలుగు నెలల కిందటి దాకా దాని మంచీ చెడ్డా ఆయనే చూసుకునేవాడు. ఇప్పుడు దాని ముందు ఆయన భార్య కూర్చుంటోంది. ఒక ల్యాబు వాళ్ళకి రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేసి పంపుతుంది. ఇల్లు గడిచేది దాని మీదే.

మొన్న ఎవరిదో షుగరు నూట పది కాస్తా పదకొండు వందలై వెళ్ళిందట. అది చూసి ఆ పేషెంటుకి షుగరు సంగతేమో గానీ బీపీ వచ్చింది. ఇంకొక్క తప్పు పడితే వేరే మనిషిని చూసుకుంటామని ల్యాబు ఓనరు చెప్పేశాడు. సాయంత్రంలోగా నలభై రిపోర్టులు వెళ్ళాలి.

"ఎప్పుడెప్పుడు పడుతుంటాయమ్మా ఇవి?"

చెప్పాలా వద్దా అన్నట్టు చూసిందామె. "నేను మాట్లాడితేనే, బాబాయ్ గారూ. అంకెలు పైకి చదువుకుంటూ కొట్టడం నాకలవాటు. నోరు మూసుకుని కొడితే పడవు."

ఆ మాట అంటుండగానే నాలుగు సున్నాలు పడ్డాయి.

బాబాయ్ గట్టిగా దగ్గి చూశాడు. కంప్యూటర్‌ని తిట్టి చూశాడు. ఏమీ లేదు. ఆమె మెల్లగా "ఏమైందండీ?" అంది. సున్నా పడింది.

ప్రాణం పెట్టి బిగించుకున్న మనిషి, దీన్ని అంత తేలిగ్గా వదులుతాడా? ఆ మాట పైకి అనలేదు బాబాయ్. కంప్యూటర్ గుర్తుపట్టిన సామాన్ల జాబితా రప్పించాడు. మౌసు ఒకటి. ప్రింటరు ఒకటి. కీబోర్డులు రెండు.

పోయిన ప్రాణం లేచొచ్చింది. తీగ లేని కీబోర్డేమైనా ఇంట్లో ఉందా అని అడిగాడు.

ఆయనదొకటి ఉండేదంది. తీగ లేదు కదా, పాడైపోయిందనుకుని అత్తయ్య ఎక్కడ పడేశారో. ఆవిడేమో బజారుకెళ్ళారు.

"అదీ సంగతి. ఏ అటక మీదో దాని మీద ఎలుక గెంతుతోంది. నీ గొంతు దానికి తెగ నచ్చినట్టుందమ్మాయ్."

ఆమె నవ్వబోయి ఊరుకుంది. వెతికి తెస్తానని లేచింది. నలభై రిపోర్టులు గుర్తుచేసి కూర్చోబెట్టాడు.

"వెతకడమెందుకు? దాని మాట ఇక వినొద్దని కంప్యూటర్‌కే చెప్తాను."

ఒక్క లైను కొట్టాడు. జాబితాలో కీబోర్డు ఒకటే మిగిలింది.

ఆమె భయంభయంగా మొదటి రిపోర్టు పైకి చదివింది. రెండోది. పదోది. ఎక్కడా అదనపు సున్నా లేదు. కళ్ళు తుడుచుకుని, గొంతు పెంచి, తర్వాతది అందుకుంది. ఎలుక సన్యాసం పుచ్చుకుందని నవ్వుతూ బాబాయ్ సంచి భుజానికి తగిలించుకున్నాడు.

పక్కగదిలో మంచం మీద, నాలుగు నెలల కిందట పక్షవాతమొచ్చి ఇక తెలివి రాదని డాక్టర్లు తేల్చేసిన ఆమె భర్త, చెయ్యి ముడుచుకుపోకుండా తల్లి పాతగుడ్డ చుట్టి అరచేతి కింద పెట్టిన ఆ కీబోర్డుని, భార్య గొంతు వినబడుతున్నంతసేపూ, కదిలే ఒకే ఒక్క వేలితో, దాని కిందున్న సున్నా దగ్గర నొక్కుతూనే ఉన్నాడు.