ఎనిమిదో తుపాకీ

"సంచిలో ఏటది?"

మూడో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చిన కోటేశ్వరికి గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు రామలింగం. పబేడాన్ బజారు నుంచి భార్య కూరలు తెస్తుందని పొద్దుట్నుంచీ ఎదురు చూస్తున్నాడు. తీరా చూస్తే సంచిలో వంకాయల మీదుగా ఆకుపచ్చ ప్లాస్టిక్ గొట్టం ఒకటి మూరెడు బయటికి పొడుచుకొచ్చింది.

"కనిపిస్తంది గదా. తుపాకీ," అంది కోటేశ్వరి ఒగరుస్తూ.

"మళ్లీ నీళ్ల తుపాకీయేనా! మంచం కింద ఏడున్నాయి గదే!"

"ఏడుంటే? నీకు మూడు కళ్లజోళ్లు లేవేటి?"

"ఒకటి పేపరు సదవడానికి. ఒకటి బయటికెళ్తే. ఒకటి పాతది."

"నేనూ అదే చెప్తన్నాను. పసుపుది దగ్గిరకి. నీలంది మెట్ల కాడికి ఎవలైనా వస్తే. వీపుకి తగిలించుకునేది కిందెళ్లే లారీల మీదకి. దేని పని దానిదే."

"మరి ఎర్రది? దాని పంపు ఊడి రెండేళ్లయింది."

"అది మొట్టమొదట కొన్నది. పారీడానికి చెయ్యెలా వస్తాది?"

రామలింగం నెత్తి పట్టుకున్నాడు. రేపే తింజాన్, బర్మావాళ్ల కొత్త సంవత్సరం పండగ. నాలుగు రోజులు యాంగాన్ ఊరు ఊరంతా ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకుంటారు. పోసుకోనీ, కాదన్నదెవరు? అరవై దాటిన ఆడమనిషికి ఈ పిచ్చి ఏమిటో, అదీ మూడు నాలుగేళ్ల నుంచే ఎందుకు పట్టుకుందో అతనికి అంతు చిక్కడం లేదు. పైగా రెండు రోజులుగా కరెంటు లేదు. మోటారు తిరగడం లేదు.

"డ్రమ్ములో ఉన్నవి నేను బిందెలతో మోసిన నీళ్లు! ఈపు రుద్దుకోడానికి చెంబుడు లేవు, నీ తుపాకీకి ఎక్కడివే? ఉన్న తుపాకులకి ఏటొచ్చింది?"

"ఉన్న ఏడూ సగం ఈది కూడా దాటట్లేదు."

"దాటి ఎక్కడికెళ్లాల?"

కోటేశ్వరి గడ్డం ఎత్తి ఎదురు మేడకేసి చూపించింది. అక్కడ మూడో అంతస్తు బాల్కనీలో, ఆరేసిన లుంగీల వెనక, ఆమె సొంత చెల్లెలు నరసమ్మ కాపురం. నాలుగేళ్ల కిందటి తింజాన్‌కి అందరికీ బెల్లం ఉండలు పంచుతూ, పండగ వేళాకోళానికి మిరపకాయ కూరిన ఉండను ఏరి మరీ అక్క చేతిలో పెట్టింది నరసమ్మ. చుట్టాలందరి ముందూ కోటేశ్వరికి పొలమారింది, కళ్లు ఎర్రబడ్డాయి, నోటికొచ్చినవన్నీ అనేసింది. అప్పటి నుంచి అక్కచెల్లెళ్లకు మాటల్లేవు.

"ఓలమ్మో! దాని మీద కొడతావా? ఉన్న గొడవ సాల్లేదేటి?"

"గొడవేటి? తింజాన్ నీళ్లు మీద పడితే ఎవులూ కోపం పెట్టుకోకూడదు. పడినోళ్లు నవ్వీవాల. అంతే."

"ఆ నవ్వేదేదో రోడ్డు దాటెళ్లి మాటాడితే పోద్ది గదా! మధ్యలో తుపాకీ ఎందుకు?"

"పెద్దదాన్ని నేను. నేను ముందర ఎల్లాలా?" అంటూ ఆమె తుపాకీ గోడకి ఆనించి, వంకాయలు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

రామలింగానికి ఒళ్లు మండింది. వీళ్లిద్దరి పంతానికీ నలిగిపోయేది తనూ, నరసమ్మ మొగుడు బుల్లియ్యా. ఎదురెదురు ఇళ్లలో ఉన్న తోడల్లుళ్లు ఓ కప్పు టీ కలిసి తాగాలంటే బోటాటౌంగ్ రేవు దాకా నడిచి, దొంగల్లా తాగి రావాలి. ఆ కాసేపైనా ప్రశాంతంగా ఉందామని, అక్కడ ఆడవాళ్ల ఊసే ఎత్తకూడదని ఒట్టు కూడా వేసుకున్నారు. ఇప్పుడు ఈవిడ తుపాకీతో కొడితే, ఆవిడ బిందెతో కొడుతుంది. ఆ టీ కూడా గంగలో కలిసినట్టే.

వంటింట్లో నూనె చిటపటలాడగానే రామలింగం తుపాకీ చంకలో పెట్టుకుని గబగబా మెట్లు దిగాడు.

బజారులో బొమ్మల దుకాణందారు దేముడు అతన్ని చూడగానే మొహం చిట్లించాడు. "ఏటి బాబూ, అమ్మగారు ఇందాకే గదా పట్టికెళ్లారు?"

"ఎనక్కి తీసీసుకో. డబ్బుల సంగతి తరవాత చూద్దాం."

"ఏం, బాగోలేదేటి? నలభై అడుగులు కొడతాది. ఈ రకం రెండే వచ్చాయి, రెండూ ఇయాలే అయిపోయాయి."

"బాగుండబట్టే తెచ్చాను! నలభై అడుగులంటే సరిగ్గా నా కొంప ముంచేంత."

దేముడు ఏదో అనబోయి, రామలింగం భుజం మీదుగా వీధిలోకి చూసి నోరు తెరిచాడు. రామలింగం వెనక్కి తిరిగాడు. చెమటలు కక్కుకుంటూ బుల్లియ్య వస్తున్నాడు. అతని చంకలో అలాంటిదే ఆకుపచ్చ తుపాకీ.

"నువ్వేటి తమ్ముడూ ఇక్కడ?"

"నా కర్మ అన్నా!" బుల్లియ్య తుపాకీని బల్ల మీద పడేసి, ఒట్టు సంగతే మరిచిపోయి మొత్తుకున్నాడు. "మీ మరదలు! ఇంట్లో తొమ్మిదున్నా సాలవంట. ఒక్కటీ సగం ఈది దాటట్లేదంట!"