ఎండ ఉండగా

“మీటరు మీ నాన్నగారి పేరు మీదే ఉందండీ. ఆయన సంతకం లేనిదే సోలారు ఫైలు కదలదు,” అన్నాడు కరెంటాఫీసు గుమాస్తా.

“ఆయన పోయారని కిందటిసారే చెప్పాను కదండీ,” అన్నాడు టైలరు.

“అయితే ముందు పేరు మార్పించుకోండి. అది అయ్యాక దీనికి మళ్ళీ మొదట్నించీ పెట్టుకోవాలి.”

టైలరు ఫైలు చంకన పెట్టుకుని బయటపడ్డాడు. ఆఫీసు లెక్కలో పోయిన నాన్న ఇంకా బతికే ఉన్నాడు. ఇంట్లో బతకడానికి అవస్థ పడుతున్న భార్య మాత్రం వాళ్ళకి పట్టలేదు.

ఇంట్లో రెండు మిషన్లున్నాయి. ముందు గదిలో టైలరు కాలితో తొక్కే కుట్టు మిషను. దానికి కరెంటుతో పనిలేదు. వెనక గదిలో, భార్య మంచం పక్కన గుర్రుమంటూ ఆక్సిజన్ అందించే మిషను. అది ఆగితే ఆమెకి ఊపిరాడదు. ఆ వీధిలో రోజూ మధ్యాహ్నం కరెంటు పోతుంది. పాత ఇన్వర్టరు కాసేపు లాగి చతికిలబడగానే, టైలరు మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపేవాడు. పక్కింటి చెట్టు గాలికి ఆమె ఎలాగో ఓర్చుకునేది.

చెప్పులరిగేలా తిరిగితే మీటరు పేరు మారింది. అప్పుడు పై వాటాలో ఉండే అన్నయ్య అడ్డం తిరిగాడు.

“డాబాకి చిల్లులు పెడితే వాన నా నెత్తిన కదరా కురిసేది?”

“నీ మరదలి ప్రాణం అన్నయ్యా.”

అన్నయ్య డాబా తాళంచెవి తీసి చేతిలో పెట్టి, “సరే, కానియ్,” అన్నాడు.

ఆ తర్వాత చెట్టు అడ్డం వచ్చింది. “ఇంత నీడలో ప్యానెళ్ళు పెట్టినా దండగేనండీ,” అన్నాడు సోలారు కంపెనీ మనిషి. టైలరు పక్కింటి పిన్నిగారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆవిడ వచ్చి రోగి మంచం మీద కూర్చుంది.

“నీకంటే చెట్టు ఎక్కువటే అమ్మాయ్. కొట్టించేస్తాలే.”

“వద్దు పిన్నిగారూ. కరెంటు పోయినప్పుడు నన్ను నిలబెడుతున్నది ఆ గాలేగా,” అంది ఆమె ఆయాసపడుతూ.

“ఇక మనింట్లో కరెంటు పోదే పిచ్చిదానా,” అన్నాడు టైలరు.

చెట్టు కొడుతున్నంతసేపూ ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

“బ్యాటరీ కూడా వేయమంటారా?” అని కంపెనీ మనిషి అడిగితే, టైలరు చాలా రోజులకి నవ్వాడు.

“మాకు కరెంటు పోయేది మధ్యాహ్నమేనయ్యా. నెత్తి మీద అంత ఎండ ఉండగా బ్యాటరీ ఎందుకు?”

“మీ ఇష్టమండీ,” అని అతను రాసుకున్నాడు.

పాత ఇన్వర్టరుని పాత సామాన్లవాడు కొనుక్కుపోయాడు. అది ఉన్న చోటే గోడకి సోలారు పెట్టె బిగించారు. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. భార్యాభర్తలిద్దరూ దాన్ని పసిపిల్లని చూసినట్టు చూసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధిలో అందరూ ఉసూరుమంటూ అరుగుల మీదికొచ్చారు. టైలరు ధీమాగా కాలరు కుడుతూనే ఉన్నాడు. కాసేపటికి అనుమానం వచ్చి కాలు ఆపాడు. ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

వెనక గదిలోకి పరుగెత్తాడు. భార్య దుప్పటిని గుప్పిట బిగించి కిటికీ వైపు చూస్తోంది. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. గోడ మీద పచ్చ దీపం లేదు. కంపెనీ మనిషికి ఫోన్ చేశాడు.

“కొత్తది అప్పుడే పాడైందయ్యా. మా ఆవిడకి ఊపిరాడటం లేదు, తొందరగా రా.”

“వీధిలో కరెంటు ఉందాండీ?”

“లేదు. అందుకేగా దీన్ని పెట్టించుకున్నది.”



“అది పాడవలేదండీ,” అన్నాడతను మెల్లగా.

“బ్యాటరీ లేకపోతే, వీధిలో కరెంటు పోగానే సోలారూ ఆగిపోతుందండీ.”