మాట ఉన్న చోటు

2006 మార్చిలో ఒక శనివారం ఉదయం పదకొండు గంటలకు ఇమ్మానియేలు గుంటూరులో గౌస్ బాషా పాత సామాన్ల కొట్టులో వీసీఆర్ బేరమాడాడు. అతని భార్య ఎలీసమ్మ లోపలికి రాలేదు. గడప బయటే నిలబడింది.

"ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటింది. ఈయన డొక్కుపెట్టె కొంటున్నాడు," అంది, వీధిలో పోయేవాళ్ళకి కూడా వినపడేలా.

"నువ్వూరుకోవే," అన్నాడు ఇమ్మానియేలు. అతను మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. ఆ రోజు పనికి పోలేదు. చంకలో ప్లాస్టిక్ సంచి, సంచిలో కూతురి పెళ్ళి క్యాసెట్టు ఉన్నాయి.

గౌస్ బాషా వీసీఆర్ మీది దుమ్ము గుడ్డతో తుడిచాడు. "జనమంతా సీడీల్లోకి పోయారు పెద్దాయనా. ఇవి తూకానికి పోతున్నాయి. మీరడిగారు గనక ఒకటి ఆపాను. ముందే చెప్తున్నా, గడప దాటితే నాకు సంబంధం లేదు. క్యాసెట్టు తెచ్చారుగా, ఇక్కడే వేసి చూసుకోండి."

"ఇక్కడొద్దు," అంది ఎలీసమ్మ. "పదిమందిలో పిల్ల పెళ్ళి పెట్టుకుని చూస్తామా?"

"పదిమందెక్కడమ్మా? నేనూ, ఆ పాడైపోయిన ఫ్రిజ్‌లూ," అన్నాడు బాషా. మూలనున్న టీవీకి వైరు తగిలించి క్యాసెట్టు లోపలికి తోశాడు.

బొమ్మ వణికింది. బాషా వీసీఆర్ మీద బొత్తాం తిప్పితే నిలబడింది. క్యాసెట్టు ఎక్కడ ఆగి ఉందో అక్కణ్ణుంచే మొదలైంది. షామియానా కింద భోజనాలు. పెళ్ళికూతురు దీవెన తెల్లచీరలో కూర్చుని పక్కనున్న పిల్లతో ఏదో చెబుతోంది. ఆ పిల్ల తల దించుకుని వింటోంది. టీవీలోంచి మాత్రం కీబోర్డు మీద ఏసు పాట వస్తోంది.

"మాట రాదేం? సౌండు పెంచండి," అన్నాడు ఇమ్మానియేలు.

బాషా పెంచాడు. పాట పెరిగింది.

"పెట్టెలో లోపం లేదు పెద్దాయనా. క్యాసెట్టులోనే మాట లేదు. అప్పట్లో నేనూ పెళ్ళి వీడియోలు తీసేవాణ్ణి, మా పని ఇదే. పెళ్ళిలో గోలంతా తీసేసి మొదట్నుంచి చివరిదాకా పాటలు పరిచేవాళ్ళం. మిక్సింగ్ అనేవాళ్ళం. పెళ్ళివాళ్ళు కూడా అదే అడిగేవాళ్ళు."

ఇమ్మానియేలు టీవీ మీంచి చూపు తిప్పలేదు. "దాని మాట వినడానికే కొంటున్నానండీ ఇది."

"అమ్మాయి ఏ ఊళ్ళో ఉంటుంది?"

"లేదండి. పెళ్ళయిన ఏడో నెలలో పత్తికి కొట్టే మందు తాగింది."

బాషా టీవీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. "ఎందుకని?"

"ఏమీ చెప్పలేదు," అన్నాడు ఇమ్మానియేలు. "ఊళ్ళోవాళ్ళు నోటికొచ్చినట్టు అన్నారు, పిల్లకి ఇష్టం లేకుండా కట్టబెట్టామని. నేనొప్పుకోను. చర్చిలో అయ్యగారు అడిగితే అందరి ముందూ అంగీకరిస్తున్నానంది. నా చెవుల్తో విన్నాను. ఆ మాట పట్టుకునే ఈ ఎనిమిదేళ్ళూ బతికాను. ఇప్పుడు దాని గొంతు గుర్తుకు రావట్లేదండీ. ఎంత తల్చుకున్నా రావట్లేదు."

"ప్రత్తిపాడు బస్సు వెళ్ళిపోద్ది. పదయ్యా," అంది ఎలీసమ్మ.

"ఇంకో బస్సొస్తుంది."

బాషా క్యాసెట్టు ఆపాడు. "ప్రమాణాల దగ్గర మాత్రం పాట వెయ్యం," అన్నాడు. "అక్కడ పాటేస్తే మీ అయ్యగార్లు ఊరుకోరు. అక్కడి అసలు సౌండు అట్టాగే ఉంచేస్తాం. ఉండండి, వెనక్కి తిప్పుతా."

ఎలీసమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. "తిప్పొద్దు. పాత టేపు, తెగిపోద్ది."

"తెగితే అతికించిస్తానమ్మా."

"దాన్ని చూసి నేను తట్టుకోలేను," అంది ఆమె.

"తట్టుకోలేకపోతే బయట నుంచో," అన్నాడు ఇమ్మానియేలు. ఆమె బయటికి పోలేదు.

టీవీలో అన్నం విస్తళ్ళలోంచి గరిటెల్లోకి లేచింది. జనం వెనక్కి నడిచి చర్చిలోకి పోయారు. బాషా ఆపి, మళ్ళీ నొక్కాడు.

పాట లేదు. ఫ్యాన్ల చప్పుడు, ఎక్కడో చంటిపిల్ల ఏడుపు. పాస్టరు పుస్తకంలోకి చూస్తూ పెళ్ళికొడుకుని అడిగాడు. అతను అంగీకరిస్తున్నానన్నాడు. పాస్టరు తల ఎత్తకుండానే, "దీవెనా, ఇతన్ని నీ భర్తగా అంగీకరిస్తున్నావా?" అన్నాడు.

ఇమ్మానియేలు కళ్ళు మూసుకుని చేతులు కట్టుకున్నాడు. "ఆ రోజూ ఇట్టాగే విన్నాను, ప్రార్థనలో," అన్నాడు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పాస్టరు రెండోసారి అడిగాడు.

"అంగీకరిస్తున్నాను."

సన్నగా, గబుక్కున వచ్చింది మాట. ఇమ్మానియేలు కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారాయి.

"విన్నావటే? నేను చెప్పలా? అందరి ముందూ అంది. ఎవరూ బలవంతం చెయ్యలా," అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "బాషాగారూ, ఇంకొక్కసారి వెయ్యండి. అది ఆ మాట అంటుండగా చూస్తాను."

"వద్దయ్యా," అంది ఎలీసమ్మ. "విన్నావుగా. చాల్లే. పెట్టె కొనుక్కో, డబ్బులు నేనిస్తా. ఇక్కడ మాత్రం చూడొద్దు."

బాషా అప్పటికే వెనక్కి తిప్పాడు. ఇమ్మానియేలు టీవీ ముందు గొంతుక్కూర్చున్నాడు. పాస్టరు ఒకసారి అడిగాడు. రెండోసారి అడిగాడు. పల్చటి ముసుగు కింద దీవెన ముఖం టీవీ నిండా ఉంది.

"అంగీకరిస్తున్నాను," అని వినిపించింది.

దీవెన పెదవులు కదల్లేదు. ఆమె భుజం వెనక నిలబడి ముసుగు సర్దుతున్న ఎలీసమ్మ పెదవులు కదిలాయి.