ఒక్క నిమిషం నిశ్శబ్దం

ముక్కు మీద కోపం కాబట్టి ఇంట్లో ఆమెను మిరపకాయ అంటారు. ఆ రాత్రి కోపమంతా అక్క మీదే. విన్నది విన్నట్టు టైపు చేసే ఉద్యోగానికి తెల్లారితే ఆన్‌లైన్ పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు తప్పింది, ఇదే ఆఖరి అవకాశం. అందుకే పేపరు చదివి రికార్డు చేసుకుని, దాన్ని విని టైపు చేసి, వేరే ఊళ్లో అదే పని చేసే అక్కకు రెండూ పంపుతోంది. ప్రతిసారీ అక్క నుంచి ఒకటే జవాబు: "రెండో గొంతు వదిలేశావు."

హెడ్‌ఫోన్లు పెట్టుకుని పదిసార్లు విన్నా తన గొంతే. చెల్లెలికి ఉద్యోగమొస్తే ఓర్వలేదు కాబోలు అని పళ్లు నూరింది.

ఇక తాడోపేడో తేల్చుకోవాలనుకుంది. తలుపు గడియ పెట్టి, ఫ్యాన్ ఆపి, నోరు మూసుకుని, ఉత్త గదిని ఒక నిమిషం రికార్డు చేసింది. "నిశ్శబ్దం" అని ఒక్క మాట టైపు చేసి పంపింది. ఇప్పుడేం వంక పెడుతుందో చూద్దాం!

ఫోన్ మోగింది.

"మళ్లీ వదిలేశావే. ఈసారి పద్నాలుగు మాటలు," అంది అక్క విసుగ్గా.

మిరపకాయకు ఒళ్లు మండిపోయింది. "నీ తలకాయ! తలుపేసుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. ఎవరు మాట్లాడతారు?"

"ఏంటీ?"

"ఒక్కదాన్నే ఉన్నానంటున్నా!" అని గొంతు చించుకుంది. ఆ అరుపు ఆగాక గదిలో చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు.

"ఉండవే," అంది అక్క. "ముందు ఆ పెద్దావిణ్ణి కాస్త ఆగమను. నీ మాట ఒక్క ముక్క వినపడట్లేదు."