ఆమోసు తాత కుట్టాల్సిన రవిక

మిలిటరీ నుంచి వచ్చాక ఆమోసు తాత జమ్మలమడుగులో ఎందరికో పెళ్లిబట్టలు కుట్టాడు. కొత్త కోడళ్ల రవికల్లో కాస్త ఎక్కువ గుడ్డ మడిచి వదిలేవాడు. సంతోషానికి ఒళ్లు చేస్తారట! మనవడు సాల్మన్ పెళ్లాం కెరోలిన్ రవికకు మాత్రం ఒక చెయ్యి కుట్టకుండానే చనిపోయాడు. వచ్చే నెల మొదటి ఆదివారం చర్చికి అదే వేసుకొస్తానని ఆమె ఆయనకు మాటిచ్చింది. ఆ ఆదివారం రేపే.

రాత్రి ముందుగదిలో కుట్టుమిషన్ తిరిగిన చప్పుడు.

"ఎలకలులే, పండుకో మే," అన్నాడు సాల్మన్.

"ఎలకలు పెడల్ తొక్కుతాయా సామీ?"

కెరోలిన్ చీకట్లోనే వెళ్లి గుమ్మంలో నిలబడింది. "తాతా, చేతి కొలత మళ్లా చూసుకో. నేనిప్పుడు శానా లావైనాను."

మిషన్ ఆగింది. చల్లటి టేపు ఆమె మోచేతి పైన చుట్టుకుంది. కెరోలిన్ కదలకుండా చెయ్యి చాపింది. వెనకే వచ్చిన సాల్మన్ స్విచ్ మీద వేలు పెట్టాడు గానీ, లైటు వెయ్యలేకపోయాడు.